దవడపంటికి దీర్ఘాయువు పోసిన వైద్యాచార్యుడు

సంగటి ముద్దను నమలకుండా మింగవచ్చును గాని, వేయించిన వేరుశెనగలు తినాలంటే దవడపళ్ళు గట్టిగా ఉండవలసిందే. దొడ్డబళ్ళాపురం మగ్గాల వీధుల్లో పెద్దవారు నోరు తెరిచి నవ్వినప్పుడు దవడపళ్ళలో అక్కడక్కడ కనిపించే బూడిదరంగు పూతను జనం వెండి ఫిల్లింగ్ అంటారు. దాని అసలు పేరు అమాల్గం. వెండి, తగరం, రాగి కలిసిన లోహపు పొడిని పాదరసంతో నూరి చేసే మిశ్రమమిది. దానికి నమ్మదగిన రూపమిచ్చిన మహనీయుడు గ్రీన్ వార్డిమన్ బ్లాక్.

ఆయన 1836 ఆగస్టు 3న అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, వించెస్టర్ సమీపాన ఒక రైతు కుటుంబంలో జన్మించారు. బడిచదువు స్వల్పమే. పదిహేడవ ఏట వైద్యుడైన అన్నగారి వద్ద చేరి వైద్యం నేర్చుకొన్నారు. 1857లో ఒక దంతవైద్యుని వద్ద కొద్దికాలం శిష్యరికం చేసి, స్వయంగా వైద్యం ప్రారంభించారు. అంతర్యుద్ధంలో సైనికుడిగా పనిచేసి, 1864లో జాక్సన్‌విల్ పట్టణంలో స్థిరపడ్డారు.

అప్పటికి అమాల్గానికి మంచి పేరు లేదు. 1840లలో అమెరికా దంతవైద్యుల సంఘం దానిని వాడబోమని సభ్యులచేత ప్రతిజ్ఞాపత్రం రాయించుకొంది. ఆ కలహంతోనే 1856లో సంఘం అంతరించింది. అయితే బంగారు రేకుతో పన్ను నింపించుకొనే స్తోమత పేదలకెక్కడిది? పిప్పిపన్ను పీకించుకోవడమే వారికి మిగిలిన మార్గం.

బ్లాక్ ఏ పక్షమూ వహించక, కొలవడం మొదలుపెట్టారు. గట్టిపడేటప్పుడు మిశ్రమం కుంచించుకుపోతే అంచున సందు ఏర్పడి పన్ను మళ్ళీ పుచ్చుతుంది. అతిగా వ్యాకోచిస్తే పన్నే పగులుతుంది. ఈ సూక్ష్మభేదాలను కొలిచే పరికరాలను, నమిలేటప్పుడు పంటిపై పడే బలాన్ని కొలిచే సాధనాన్ని ఆయనే రూపొందించారు. వెండి, తగరం పాళ్ళను సరిచూసి, 1895, 1896 సంవత్సరాలలో తన ఫలితాలను దాచకుండా పత్రికలో ప్రకటించారు. పంటిగుంతను ఎలా తొలిచి సిద్ధం చేయాలో నియమాలు ఏర్పరచారు. 1897 నుండి నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ దంతవైద్య కళాశాలకు అధ్యక్షులుగా ఉండి, 1908లో తన బోధనను రెండు సంపుటాలుగా వెలువరించారు. 1915 ఆగస్టు 31న పరమపదించారు.

చక్కగా పెట్టిన అమాల్గం పదిహేనేళ్ళు, ఒక్కోసారి అంతకుమించి మన్నుతుంది. అయినా కాలం ఆగదు. పుచ్చు చుట్టూ మంచి పంటిని కూడా తొలచాలన్న ఆయన నియమాన్ని తరువాతి వైద్యులు సడలించారు. పాదరసం పర్యావరణానికి హాని చేస్తున్నందున 2013 నాటి మినమాటా ఒప్పందం దీని వాడకాన్ని తగ్గించమంది. 2018లో భారతదేశమూ ఆ ఒప్పందాన్ని ఆమోదించింది. 2034 నాటికి వాడకం పూర్తిగా ఆపాలని సభ్యదేశాలు 2025లో తీర్మానించాయి.

అంతమాత్రాన, చెక్కుచెదరని పాత ఫిల్లింగును భయంతో తీయించుకోనవసరం లేదు. తీసేటప్పుడే పాదరసపు ఆవిరి ఎక్కువగా వెలువడుతుంది. మంచి పన్నూ కొంత అరుగుతుంది. వదంతిని విని కాక, పరీక్షించి నిర్ణయించాలన్నదే బ్లాక్ జీవితం నేర్పే పాఠం.