శ్రీ యల్లాప్రగడ సుబ్బారావు గారు

వేలూరు, గుడియాత్తం ప్రాంతములలో బోదకాలు నివారణకై ప్రభుత్వమువారు ఇంటింటికిని మాత్రలు పంచిన సంగతి మన పెద్దలెరుగుదురు. ఆ మాత్రలలోని డి.ఇ.సి. అను మందు ఒక తెలుగువాని నాయకత్వమున వెలువడినదని మనలో పలువురెరుగరు. ఆ మహనీయుని చరిత్రను మా విద్యార్థులకు తెలుపగోరుచున్నాము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండు పర్యాయములు తప్పిరి. తల్లి వెంకమ్మగారు నగలమ్మి చెన్నపట్టణమునకు పంపగా, తిరువల్లిక్కేణి హిందూ ఉన్నత పాఠశాలలో చదివి మూడవసారి నెగ్గిరి. వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందున ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టానే పొందిరి. అయినను అధైర్యపడక, మామగారును, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధివారును ధనసహాయము చేయగా 1923లో అమెరికా చేరిరి. హార్వర్డులో పరిశోధించి, 1940లో లెడర్లే ఔషధ సంస్థలో ప్రవేశించిరి. 1947లో వారి బృందము ఈ మందును హెట్రజాన్ అను పేర లోకమునకందించెను.

ఈ మందు పనిచేయు తీరు విచిత్రమైనది. మన రక్తమున భక్షక కణములు కలవు. రష్యా శాస్త్రజ్ఞుడు మెచ్నికాఫ్ 1882లో నక్షత్రపుచేప పిల్లలయందు ఇట్టి కణములు ముల్లును చుట్టుముట్టుట కనుగొనెను. అవి సూక్ష్మజీవిని ఆవరించి లోనికి గైకొని, ఒక సంచిలో బంధించి, జీర్ణరసములతో కరగించును. కాని బోదకాలు పిల్లపురుగు పావు మిల్లీమీటరు పొడవుండును. ఒక్క కణము దానిని మ్రింగజాలదు. పెక్కు కణములు కూడి దానిని పట్టవలెను. డి.ఇ.సి. శరీరము వెలుపల, గాజుపాత్రలో, ఆ పురుగులను అంతగా చంపజాలదు. శరీరములో మాత్రము అవి ఈ మందు సోకినంతనే కాలేయమున చిక్కుపడును. అచ్చట భక్షక కణములు వానిని నాశనము చేయును. మందు తోడ్పడును, పోరాడునది మన కణములే. అయితే ఏండ్లు గడచి బిరుసెక్కిన వాపును ఈ మందు తీర్పజాలదు. కావుననే కాలు వాచకమునుపే దీనిని సేవింపవలెనని వైద్యులు చెప్పుదురు.

స్వదేశమునకు మరలిరాకయే, 1948 ఆగస్టులో, 53వ యేట న్యూయార్కున వారు దివంగతులైరి. ఒకటి రెండు పరీక్షలు తప్పిన పిల్లవానిని బడి మాన్పింపదలచు తల్లిదండ్రులు వెంకమ్మగారిని ఒక్కసారి తలచుకొందురుగాక యని ప్రార్థించుచున్నాము.