దాచిన సగం గింజలు

మాది నల్లరేగడి ఊరు. నా చిన్నతనంలో ఒక ఏడు నాయన, పొద్దుతిరుగుడు కోతకు ముందు చేనంతా తిరిగి, బాగా పెద్ద పువ్వులు గంపెడు ఏరి విత్తనానికి దాచాడు. మరుసటి ఏడు అవే విత్తాడు. ఒక మొక్క నిలువెత్తు, ఒకటి మోకాలెత్తు. సగం పువ్వుల్లో నడిమి గింజలన్నీ తాలు. అప్పు మిగిలింది. పెద్ద పువ్వు ఏరితే తప్పేమిట్రా అని నాయన అప్పుడు అడిగిన ప్రశ్నకు నాకు డిగ్రీలో చేరాక గాని జవాబు దొరకలేదు. ఆ జవాబు ఒక సోవియట్ శాస్త్రజ్ఞుని జీవితంలో ఉంది. ఆయన పేరు వాసిలీ స్తెపానవిచ్ పుస్తవోయిత్.

ఆయన 1886లో ఖార్కోవ్ ప్రాంతంలోని తరానోవ్కా గ్రామంలో జన్మించారు. వ్యవసాయ పాఠశాలలో చదివి, కుబాన్ ప్రాంతపు ఎకటెరినోదార్ పట్టణానికి ఉపాధ్యాయుడిగా వచ్చారు. అదే నేటి క్రాస్నోదార్. 1912లో ఊరి వెలుపల క్రుగ్లిక్ అనే చోట ఒక ప్రయోగ క్షేత్రం ప్రారంభించారు. ఆనాటి పొద్దుతిరుగుడు గింజలో నూనె ముప్పై శాతం చుట్టుపక్కలే ఉండేది. దానికి తోడు వేళ్ళను పట్టి పీల్చే ఒక కలుపు. మన పొగాకు చేలలో కనిపించే పొగాకు మల్లెకు అది దాయాది.

ఇక్కడే ఆయనకు ఒక చిక్కు వచ్చిపడింది. పొద్దుతిరుగుడు పరపరాగ సంపర్కం చేసే మొక్క. మనం ఏరిన పువ్వు తల్లి మాత్రమే. తేనెటీగ ఏ బక్క మొక్క పుప్పొడి తెచ్చి పోసిందో ఎవరికెరుక? పైగా నూనె కొలవాలంటే గింజను పొడి చేయాలి. పొడి చేసిన గింజ మొలవదు గదా!

పుస్తవోయిత్ కనిపెట్టిన ఉపాయం వింటే ఇంతేనా అనిపిస్తుంది. వేల పువ్వులు ఏరి, ఒక్కో పువ్వు గింజలను విడివిడిగా పంచారు. కొన్నింటితో నూనె పరీక్ష. కొన్నింటిని వరుసల్లో విత్తి పంట పరీక్ష. మిగిలినవి పేరు రాసి సంచిలో భద్రం. ఏ తల్లి పిల్లలు గట్టివో పొలంలో తేలాక, ఆ తల్లుల దాచిన గింజలను మాత్రమే తీసి, వేరే పంటకు దూరంగా ఒకచోట విత్తారు. ఇక తేనెటీగ ఎటు తిరిగినా మంచి పుప్పొడే! ఇలా ఏటికేడు, తరం తర్వాత తరం. డి.ఎన్.ఏ. నిర్మాణం 1953లో లోకానికి తెలిసేనాటికే ఆయన ఈ పనిలో నలభై ఏళ్ళు గడిపారు. నూనె యాభై శాతానికి చేరింది. ఆ కలుపుకు లొంగని రకాలూ వచ్చాయి. 1959లో లెనిన్ బహుమతి, 1964లో సోవియట్ సైన్స్ అకాడమీ సభ్యత్వం లభించాయి. 1969లో సోవియట్ దేశం నుండి మన దేశానికి వచ్చిన విత్తనాల్లో ఆయన పెరెదోవిక్ రకం కూడా ఉంది. 1972లో క్రాస్నోదార్‌లోనే కన్నుమూశారు. అక్కడి నూనెగింజల పరిశోధన సంస్థ నేడు ఆయన పేరుతోనే ఉంది.

తర్వాతి కథ హైబ్రిడ్లది. పుప్పొడి పుట్టని తల్లి మొక్కను ఫ్రాన్సులో లెక్లెర్క్ 1969లో వెల్లడించారు. మన తొలి హైబ్రిడ్ బి.ఎస్.హెచ్.-1 బెంగుళూరులో 1980లో వచ్చింది. ఇందులో తండ్రి మొక్కకు పుప్పొడిని తిరిగి పుట్టించే జన్యువు ఉండి తీరాలి. అది ఉందో లేదో తెలియాలంటే మునుపు సంకరం చేసి, విత్తి, పూత దాకా కాచుకోవాలి. ఇప్పుడు జన్యు సూచికలు, అంటే మార్కర్లు, వచ్చాయి. లేత మొక్క ఆకు ముక్కలోంచి డి.ఎన్.ఏ. తీసి, ఆ జన్యువు పక్కనే ఉండే గుర్తును చూస్తే చాలు. బూజు తెగులును తట్టుకునే జన్యువులనూ ఇలాగే పట్టుకుంటున్నారు. 2017లో పొద్దుతిరుగుడు జన్యుపటం మొత్తం వెలువడింది.

అయితే మార్కర్ వచ్చింది గనుక పుస్తవోయిత్ పాతబడ్డారా? లేదనే నా అభిప్రాయం. నూనె శాతం ఒక్క జన్యువు చేతిలో లేదు. నేలా, వానా కూడా అందులో చేయి పెడతాయి. చివరి మాట పొలమే చెప్పాలి. గింజను పాడుచేయకుండా దాని లోపలి గుణం తెలుసుకోవడం ఎలా అన్నదే ఇద్దరి ప్రశ్న. ఆయన సంచితో అడిగారు, మనం ఆకు ముక్కతో అడుగుతున్నాం.

నాయన తప్పు ఏరడంలో లేదు. హైబ్రిడ్ చేలో ఏరడంలో ఉంది. ఆ గింజ మళ్ళీ విత్తితే తాత ముత్తాతల గుణాలన్నీ విడివిడిగా బయటపడతాయి. సెలవుల్లో ఈ సంగతి చెబితే నాయన చాలాసేపు మాట్లాడలేదు. ఈ ఏడు కొన్న సంచిలోంచి వంద గింజలు తీసి తడి గోనెపట్టాలో మొలక కట్టి చూశాం. ఇంకో గుప్పెడు డబ్బాలో పోసి, రకం పేరు, తేదీ రాసి అటక మీద పెట్టాం. ఆ పెద్దాయన చేసింది ఇదేనా అని నాయన అడిగాడు. ఇదే, కాకపోతే అరవై ఏళ్ళు చేశాడని చెప్పాను.