క్రీకుల తరఫున కలం పట్టిన మెక్‌గిల్లివ్రే



జార్జ్ వాషింగ్టన్ పేరు మీ పిల్లలకు తెలిసే ఉంటుంది. ఆయన ప్రభుత్వంతో న్యూయార్క్‌లో బేరానికి కూర్చున్న అలెగ్జాండర్ మెక్‌గిల్లివ్రే పేరు మీలో చాలామంది విని ఉండరు. ఈ నెల ఆయన కథ చెప్తాను.

ఇప్పటి అలబామా, జార్జియా రాష్ట్రాల్లో నదుల ఒడ్డున క్రీకుల ఊళ్ళు ఉండేవి. వాళ్ళకు అందరి మీదా ఒక రాజు లేడు. ఏ ఊరి నిర్ణయం ఆ ఊరి పెద్దల సభదే. అలెగ్జాండర్ 1750 ప్రాంతంలో కూసా నది దగ్గర లిటిల్ టలాసీలో పుట్టారు. తండ్రి లాక్లన్ స్కాట్లాండ్ నుంచి వచ్చిన వ్యాపారి, తల్లి సెహోయ్ క్రీకుల్లో గాలి వంశం ఆడపడుచు. మన ఇంటిపేరు తండ్రి వైపు నుంచి వస్తుంది కదా, క్రీకులకు వంశం తల్లి వైపు నుంచి వస్తుంది. పిల్లల పెంపకంలో మేనమామదే పెద్ద మాట. అందుకే తండ్రి తెల్లవాడైనా అలెగ్జాండర్ వాళ్ళకు పూర్తిగా తమ బిడ్డే.

తండ్రి ఆయన్ని చిన్నప్పుడే చార్లెస్టన్ పంపి ఇంగ్లిష్ చదువు చెప్పించారు. (పిల్లల్ని హాస్టల్‌కి పంపినవారికి ఆ ఇల్లు ఎలా ఉండి ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.) తర్వాత అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వచ్చింది. బ్రిటన్ పక్షాన నిలిచినందుకు లాక్లన్ ఆస్తిని జార్జియా జప్తు చేసింది. ఆయన స్కాట్లాండ్ వెళ్ళిపోయారు, కొడుకు తల్లి ఊరు చేరుకున్నారు.

1783లో బ్రిటన్, క్రీకులను ఒక్క మాట అడగకుండా వాళ్ళ నేలను అమెరికాకు వదిలేసింది. అదే ఏడాది జార్జియా కొద్దిమంది పెద్దల చేత సంతకాలు పెట్టించుకుని ఒకోనీ నది దాకా భూమి తనదే అంది. మిగతా ఊళ్ళు ఒప్పుకోలేదు. అయినా వలసదారులు వచ్చి అడవి కొట్టి పొలాలు వేశారు. 1786లో క్రీక్ యోధులు ఆ ఇళ్ళ మీద పడ్డారు. 1787లో జార్జియా సాయుధులు బదులు తీర్చుకోవాలని బయలుదేరి, తమతో స్నేహంగా ఉంటున్న కసీటా ఊరివాళ్ళనే చంపారు. గొడవతో సంబంధం లేనివాళ్ళు ఇలా రెండు వైపులా పోయారు.

అలెగ్జాండర్ యుద్ధవీరుడు కాదు. తలనొప్పులు, కీళ్ళవాతంతో తరచూ మంచం పట్టేవారు. ఆయన ఆయుధం ఉత్తరాలే. 1784లో పెన్సకోలాలో స్పెయిన్‌తో ఒప్పందం కుదిర్చారు. దాంతో క్రీకులకు తుపాకులు, మందుగుండు కొనుక్కునే దారి దొరికింది. స్పెయిన్ అండ ఉందని తెలిశాకే అమెరికా ఆయన మాటకు విలువిచ్చిందని నా అభిప్రాయం.

1790లో వాషింగ్టన్ కబురు పంపితే, ఆయన ఇతర క్రీక్ పెద్దలతో కలిసి న్యూయార్క్ వెళ్ళారు. ఆగస్టు 7న సంతకాలయ్యాయి. ఒకోనీ దాకా భూమి పోయింది. జార్జియా తనదని రాయించుకున్న దక్షిణపు భాగం మాత్రం క్రీకులకు తిరిగి దక్కింది. మిగిలిన నేలకు అమెరికా హామీ ఇచ్చింది. జార్జియావాళ్ళు మండిపడ్డారు. ఇక్కడ ఇంకో సంగతి ఉంది. ఆ ఒప్పందంలోని రహస్య షరతుల ప్రకారం అలెగ్జాండర్‌కు బ్రిగేడియర్ జనరల్ హోదా, ఏడాదికి 1200 డాలర్లు. క్రీకులందరికీ కలిపి బహిరంగంగా రాసింది ఏడాదికి 1500! పైగా 1792లో ఆయన స్పెయిన్ దగ్గర అంతకంటే పెద్ద జీతానికి ఒప్పుకుని మళ్ళీ అటు తిరిగారు. తన తోటల్లో నల్లజాతి బానిసల చేత పని చేయించుకున్నారు కూడా. ఈ సంగతులు దాచి ఆయన్ని పిల్లలకు వీరుడిగా చెప్పడం నాకు ఇష్టం లేదు. అలాగని మోసగాడు అని కొట్టిపారేయడమూ కుదరదు. సుమారు పదేళ్ళపాటు స్పెయిన్‌నూ అమెరికానూ ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, క్రీకుల నేలలో చాలా భాగం చేజారకుండా చూసింది ఆయనే.

1793 ఫిబ్రవరి 17న పెన్సకోలాలో చనిపోయారు. అక్కడే, తన వ్యాపార మిత్రుడు విలియం పాంటన్ ఇంటి తోటలో పాతిపెట్టారు. ఆ రోజులకి వలసదారులు ఒకోనీ దాటి రావడం ఆగనే లేదు.