ఏ పన్నో తేల్చుకున్నాకే పటకారు

పూర్వం మా ప్రాంతపు పల్లెల్లో పన్ను నొప్పి వస్తే సంతలో పళ్లు పీకేవాడే దిక్కు. మా దాదాకు అలాగే ఒకసారి గట్టి పన్ను ఊడబెరికారు. నొప్పి పోలేదు. వారం తిరక్కుండానే పక్కనున్న పుచ్చుపన్ను కూడా పీకించుకోవలసి వచ్చింది. సరిగ్గా ఈ పొరపాటు గురించే వెయ్యేళ్ల క్రితం వైద్యులను హెచ్చరించిన మహనీయుడు అబుల్ ఖాసిమ్ ఖలఫ్ ఇబ్న్ అబ్బాస్ అల్ జహ్రావీ.

ఆయన సుమారు 936లో స్పెయిన్‌లోని ఖుర్తుబా నగరం చెంతనున్న మదీనతుజ్జహ్రాలో జన్మించారు. మదీనా అన్సార్ల సంతతి వారు. జీవితమంతా వైద్యానికే వెచ్చించి, 1000 ప్రాంతంలో 'అత్తస్రీఫ్' అనే 30 భాగాల గ్రంథం పూర్తిచేశారు. చివరి భాగం శస్త్రచికిత్స గురించి. అందులో దాదాపు 200 పనిముట్ల బొమ్మలున్నాయి. పంటి పాచి గీకే పరికరాలే 14 రకాలు!

పన్ను పీకడానికి ఆయన తొందరపడేవారు కారు. ముందు మందులతో ప్రయత్నించాలి. తప్పనిసరైతే, నొప్పి ఏ పంటిదో నిశ్చయించుకోవాలి. రోగి చూపించిన పన్నే చెడిందని నమ్మరాదు. నొప్పి రోగినే మోసగిస్తుంది. హజ్జాములు మంచి పన్ను పీకేసి, రోగం ఉన్నదాన్ని వదిలేయడం ఆయన కళ్లారా చూశారు. పై పళ్లకూ కింది పళ్లకూ ఒకే పెద్ద నరం శాఖలు వెళుతున్నందున నొప్పి చోటు మారి తోస్తుందని నేటి వైద్యులు వివరిస్తున్నారు.

పన్ను గుర్తించాలంటే దానికి పేరుండాలి. అరబీలో ఆ పేర్లు ఏనాడో ఉన్నాయి. తజ్వీద్ చదివే మన పిల్లలకు అవి కంఠస్థమే. ముందు పళ్లు నాలుగు సనాయా, వాటి పక్కవి నాలుగు రబాఇయాత్, కోరపళ్లు నాలుగు అన్యాబ్. మిగిలిన ఇరవై అజ్రాస్. వీటిలో చిట్టచివరి నాలుగు నవాజిజ్, మనం అఖల్ దాఢ్ అనేవి. 'జాద్' అక్షరం పలకాలంటే నాలుక అంచు పై అజ్రాస్‌ను తాకాలి కదా!

నేటి దంతవైద్యులు అంకెలు వాడుతున్నారు. నోటిని నాలుగు భాగాలు చేసి, మధ్య నుంచి ఎనిమిది వరకు లెక్కిస్తారు. కింది కుడివైపుది నాలుగో భాగం. అక్కడి ఆరో పన్ను 46. చిత్తూరు డాక్టరు చీటీలో 46 అని రాస్తే తిరుపతి డాక్టరు పొరబడడు.

కదిలే పళ్లను జహ్రావీ బంగారు తీగతో కట్టేవారు. వెండి చెడిపోతుందని ఆయనకు తెలుసు. ఊడిన పంటి స్థానంలో ఎద్దు ఎముకను చెక్కి అమర్చవచ్చని కూడా రాశారు.

అంతర్యుద్ధంలో 1010 నాటికి మదీనతుజ్జహ్రా శిథిలమైంది. జహ్రావీ 1013 ప్రాంతంలో కన్నుమూశారు. 12వ శతాబ్దంలో టొలెడో నగరంలో జెరార్డ్ అనే పండితుడు శస్త్రచికిత్స భాగాన్ని లాటిన్‌లోకి అనువదించాడు. ఐరోపా వైద్య విద్యార్థులు కొన్ని శతాబ్దాల పాటు దాన్నే చదువుకున్నారు.