కూలి ఇచ్చారు, బాప్తిస్మం ఆపారు

జాన్ ఎవరెట్ క్లౌ 1836లో అమెరికాలో జన్మించి, 1866లో మిషనరీగా ఒంగోలు చేరారు. 1876-78 నాటి మహాకరువులో పల్లెలు ఆకలితో అల్లాడుతుంటే, ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పనిని ఆయన కాంట్రాక్టుకు తీసుకున్నారు. యౌవనంలో నేర్చిన సర్వే పని అక్కరకొచ్చింది. సంఘ బోధకులే మేస్త్రీలయ్యారు. వేలాదిమంది నిరుపేదలకు కూలి దొరికింది, ప్రాణాలు నిలిచాయి.

చాలామంది బాప్తిస్మం అడిగారు. కూటి కోసం విశ్వసించారన్న మాట రాకూడదని ఆయన ఆపేశారు. కరువు తగ్గి, సాయం ఆగాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. 1910లో ఆయన ప్రభువు సన్నిధికి చేరారు.

పేదవానికి సాయం ఎక్కడుందో వెదకి, చేయిపట్టి అక్కడికి నడిపించడం సంఘం పని. దానికి షరతు పెట్టడం మాత్రం సంఘం పని కాదు.