ఎదురు తిరిగే గడియారం

గ్రేస్ హాపర్ పేరు వినగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఒక పురుగు. కంప్యూటర్‌లో చిమ్మట ఇరుక్కుందని, బగ్ అనే మాట దాన్నుంచే పుట్టిందని ఫస్టియర్‌లోనే ఎవరో ఒకరు చెప్పేస్తారు. నిజానికి ఎడిసన్ కాలానికే ఆ మాట ఇంజనీర్ల వాడుకలో ఉంది. 1947 సెప్టెంబర్ 9న హార్వర్డ్‌లో మార్క్ 2 యంత్రం రిలేలో చిమ్మట దొరకడం, దాన్ని లాగ్‌బుక్‌లో టేపుతో అతికించడం మాత్రం నిజమే. ఆ కథని అందరికీ చెప్పి పాపులర్ చేసింది హాపర్. నా బాధల్లా ఒకటే. ఆ పురుగు చాటున ఆవిడ అసలు పని మనకి కనపడకుండా పోయింది. రేపు మనలో సగం మంది ఏ బ్యాంకుకో, ఇన్సూరెన్స్ కంపెనీకో వెబ్ అప్లికేషన్లు రాస్తాం. అక్కడ మనకి ఎదురయ్యే చిక్కుల్లో చాలావాటిని ఆవిడ వెబ్ పుట్టకముందే చూసేశారు.

ఆవిడ 1906 డిసెంబర్ 9న న్యూయార్క్‌లో పుట్టారు. ఏడేళ్ల వయసులో అలారం గడియారం ఎలా పనిచేస్తుందో చూద్దామని ఇంట్లో ఉన్న ఏడు గడియారాలనీ వరసగా విప్పేశారట. వాళ్లమ్మ తిట్టలేదు. ఇక మీదట ఒక్క గడియారం మీదే ప్రయోగాలు చేసుకోమని సర్దిచెప్పింది. తర్వాత వాసర్ కాలేజీలో గణితం, ఫిజిక్స్ చదివి, 1934లో యేల్‌లో గణితంలో పీహెచ్‌డీ పూర్తిచేశారు. వాసర్‌లోనే పాఠాలు చెబుతుండగా రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. నేవీలో చేరతానంటే వయసు ఎక్కువ, బరువు 15 పౌండ్లు తక్కువ అన్నారు. పట్టుబట్టి మినహాయింపు తెచ్చుకుని, 37 ఏళ్ల వయసులో రిజర్వ్‌లో చేరారు.

1944లో ఆవిడని హార్వర్డ్‌లో హోవార్డ్ ఐకెన్ దగ్గరికి పంపారు. అక్కడున్నది మార్క్ 1. 51 అడుగుల పొడవు, దాదాపు 5 టన్నుల బరువు, సెకనుకి మూడు కూడికలు. ఆ యంత్రం గురించి పుస్తకం రాసే పని ఐకెన్ ఆవిడకే అప్పగించాడు. రోజూ రాసినంత వరకు ఆయనకి చదివి వినిపించాల్సి వచ్చేది. 500 పేజీలు దాటిన ఆ మాన్యువల్ 1946లో అచ్చయింది. డాక్యుమెంటేషన్ అంటే సబ్మిషన్ ముందు రాత్రి చేసే పని అనుకునే మనం ఇక్కడ కాసేపు ఆగాలి. మనుషులు మారిపోయినా యంత్రం నడవాలంటే ఆ పుస్తకమే దిక్కు.

1949 నాటికి హార్వర్డ్‌లో ఆవిడకి శాశ్వత ఉద్యోగం దొరికే దారి లేదు. పెళ్లి అప్పటికే విడాకులతో ముగిసింది. ఆ రోజుల్లో మద్యం అలవాటు ఆవిడని బాగా కుంగదీసిందని జీవిత చరిత్రకారులు రాశారు. స్నేహితులు నిలబడ్డారు, ఆవిడ మళ్లీ లేచారు. 42 ఏళ్ల వయసులో ఫిలడెల్ఫియాలో ఎకర్ట్, మాక్లీల చిన్న కంపెనీలో చేరారు. యూనివాక్ తయారవుతున్నది అక్కడే.

అప్పట్లో ప్రోగ్రామర్లు పనికొచ్చే కోడ్ ముక్కల్ని నోటుబుక్కుల్లో రాసి పెట్టుకుని, ఒకరి పుస్తకంలోంచి ఒకరు చేత్తో ఎక్కించుకునేవారు. ఎక్కించుకునేటప్పుడు అక్షరాలు తారుమారయ్యేవి, అడ్రస్‌లు కూడేటప్పుడు లెక్క తప్పేది. ఆ విసుగు పని యంత్రమే చేసుకుంటే పోలేదా అని ఆవిడకి అనిపించింది. ముక్కలన్నీ టేపు మీద పెట్టి, ఒక్కోదానికి ఒక నంబర్ ఇచ్చి, నంబర్ చెబితే యంత్రమే వెతికి అతికించేలా 1952 నాటికి ఏ-0 తయారుచేశారు. దాన్ని కంపైలర్ అన్నారు గానీ, ఇవాళ్టి లెక్కలో లింకర్‌కి దగ్గర. మనం ఒక్క లైనుతో పక్కవాడి లైబ్రరీని ప్రాజెక్టులోకి దించుకుంటున్నామంటే ఆ ఆలోచన అక్కడిదే. కంప్యూటర్ లెక్కలు చేస్తుంది గానీ ప్రోగ్రాములు రాయదని అప్పట్లో చాలామంది కొట్టిపారేశారు. పనిచేసే వస్తువు కళ్లెదుట ఉన్నా దాన్ని ముట్టుకోవడానికి జనం ముందుకు రాలేదు.

నాకు బాగా నచ్చిన ఘట్టం దీని తర్వాతది. జీతాల లెక్క, సరుకు నిల్వ, బిల్లులు చూసే గుమస్తాలకి గణిత చిహ్నాలు ఇష్టం ఉండవని ఆవిడ గమనించారు. వాళ్లకి తెలిసిన మామూలు ఇంగ్లీషు మాటల్లోనే ఆదేశాలు రాసే వీలుండాలన్నారు. యంత్రానికి ఏ భాషైనా గుర్తుల వరసే అని చూపించడానికి అదే ప్రోగ్రాముని ఫ్రెంచ్ మాటలతో, జర్మన్ మాటలతో కూడా నడిపించారు. పెద్దలు మెచ్చుకోవాల్సింది పోయి కంగారుపడ్డారు. అమెరికాలో తయారైన యంత్రానికి ఫ్రెంచ్, జర్మన్ ఎలా వస్తాయని వాళ్ల అనుమానం! ఇంగ్లీషు ఒక్కటే చేస్తామని నచ్చజెప్పాల్సి వచ్చింది. అలా వచ్చిందే ఫ్లో-మాటిక్.

ఈ కథ మన తెలుగు క్లబ్బుకి కూడా కావాల్సిందే. గుర్తుల వరస అన్న మాట ఇవాళ్టికీ చెల్లుతుంది, కాకపోతే ఆ వరస పొడవెంతో కూడా చూసుకోవాలి. మనకి ఒక్క అక్షరంగా కనిపించే శ్రీ, కంప్యూటర్‌కి నాలుగు సంకేతాలు. యూటీఎఫ్-8లో 12 బైట్లు. డేటాబేస్‌లో పేరు కాలమ్‌ని 20 బైట్లకి కుదించి పెడితే, శ్రీనివాస్ ఇంగ్లీషులో హాయిగా సరిపోతాడు, తెలుగులో మధ్యలోనే తెగిపోతాడు.

1959 మే నెలలో పెంటగాన్‌లో కంప్యూటర్ కంపెనీలు, వాడకందారులు, ప్రభుత్వం వాళ్లు ఒకచోట కూర్చున్నారు. ఒక్కో కంపెనీ యంత్రానికి ఒక్కో భాష. యంత్రం మారిస్తే ప్రోగ్రాములన్నీ మళ్లీ రాసుకోవాలి. అందరికీ పనికొచ్చే ఒక వ్యాపార భాష కావాలనుకున్నారు. అదే కోబాల్. దాన్ని హాపర్ ఒంటరిగా రాయలేదు, రాసింది కమిటీ. ఆవిడ సలహాదారు. కాకపోతే దానికి ముఖ్యమైన పునాది ఫ్లో-మాటిక్. 1960 డిసెంబర్‌లో ఒకే కోబాల్ ప్రోగ్రాము రెండు వేర్వేరు కంపెనీల యంత్రాల మీద నడిచింది. కోబాల్ లేని యంత్రం కొనేది లేదని రక్షణ శాఖ తేల్చేశాక మిగతా కంపెనీలూ దారికొచ్చాయి.

మా టీమ్ మినీ ప్రాజెక్టులో లాగిన్ పేజీ రెండు రోజుల్లో అయిపోయింది. బకాయి అనే మాటకి ఆఫీసు వాళ్లకీ మాకూ ఒకే అర్థం కుదరడానికి మూడు వారాలు పట్టింది. పెంటగాన్ సమావేశం గురించి చదువుతుంటే నాకు ఆ మూడు వారాలే గుర్తొచ్చాయి. పెద్ద సంస్థల సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికంటే కష్టమైన పని మనుషుల్ని ఒక మాట మీదికి తేవడమే అని హాపర్ జీవితం చదివాక నాకు గట్టిగా అనిపిస్తోంది.

1966 చివర్లో, 60 ఏళ్లకి, నేవీ ఆవిడని రిటైర్ చేసింది. ఏడాది తిరక్కుండానే, 1967 ఆగస్టులో, ఆరు నెలల కోసమని వెనక్కి పిలిచింది. ఆ ఆరు నెలలు దాదాపు 19 ఏళ్లు సాగాయి. సమస్య ఏమిటంటే, కోబాల్ పేరు ఒకటే గానీ ఒక్కో కంపెనీ కంపైలర్ ఒక్కోలా ప్రవర్తించేది. ఆవిడ బృందం పరీక్షా ప్రోగ్రాములు రాసి, ఏ కంపైలర్ ప్రమాణానికి తగ్గట్టు ఉందో ఏది లేదో తేల్చేసేది. ఒకే పేజీని నాలుగు బ్రౌజర్లలో తెరిచి తల పట్టుకున్నవాళ్లకి ఈ పని విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఉపన్యాసాలకి వెళ్తే ఆవిడ సుమారు 30 సెంటీమీటర్ల తీగ ముక్కలు పంచేవారు. ఒక నానోసెకనులో కాంతి అంతకు మించి పోలేదు. శాటిలైట్ ద్వారా కబురు రావడానికి అంతసేపు ఎందుకని అడిగే అడ్మిరల్స్‌కి ఆ తీగే జవాబు. ఇవాళ హైదరాబాద్‌లో బటన్ నొక్కితే వర్జీనియాలో ఉన్న సర్వర్‌కి వెళ్లి రావడానికి ఫైబర్‌లో కనీసం 130 మిల్లీసెకన్లు పడుతుంది. పేజీ ఒకదాని తర్వాత ఒకటిగా 20 సార్లు సర్వర్‌ని అడిగిందనుకోండి, రెండున్నర సెకన్లు దాటిపోతాయి. ఎంత మంచి లాప్‌టాప్ కొన్నా ఆ దూరం తగ్గదు.

కార్డు మీద 80 గడులే ఉండే రోజుల్లో సంవత్సరానికి రెండంకెలే కేటాయించడం అలవాటైంది. ఆ పొదుపు 2000 దగ్గరికొచ్చేసరికి ప్రపంచమంతా వైటూకే అయి కూర్చుంది. ఆ పాత ప్రోగ్రాముల్ని సరిచేయడానికి 1990ల చివర్లో అమీర్‌పేట్‌లో కోబాల్ నేర్చుకుని మరీ అమెరికా విమానం ఎక్కిన తెలుగువాళ్లు ఎందరో. వచ్చే జూలైలో నేను చేరబోయే ప్రాజెక్టు కూడా పాత బ్యాంకింగ్ వ్యవస్థకి కొత్త వెబ్ పేజీలు కట్టేదే. మెయింటెనెన్సా అని ఫ్రెండ్స్ జాలిపడుతున్నారు. నాకైతే సంతోషంగానే ఉంది. ఎన్నో ఏళ్లుగా జనం డబ్బు లెక్క తప్పకుండా మోస్తున్న కోడ్‌ని ముందు చదివి, తర్వాత ముట్టుకునే అవకాశం అందరికీ రాదు.

హాపర్ ఆఫీసు గోడ మీద ముళ్లు వెనక్కి తిరిగే గడియారం ఒకటి ఉండేది. టైమ్ సరిగ్గానే చూపిస్తుంది, చదవడానికి ఒకటి రెండు రోజులు అలవాటు పడాలంతే. ఎప్పటినుంచో ఇలాగే చేస్తున్నాం అనే మాట ఆవిడకి అస్సలు పడేది కాదు. 1986లో 79 ఏళ్ల వయసులో, బోస్టన్‌లో కాన్‌స్టిట్యూషన్ అనే పాత నౌక మీద రియర్ అడ్మిరల్‌గా సెలవు తీసుకున్నారు. ఆ తర్వాత కూడా ఒక కంప్యూటర్ కంపెనీకి సలహాదారుగా పనిచేస్తూనే ఉన్నారు. 1992 జనవరి 1న కన్నుమూశారు. ఆర్లింగ్టన్‌లో సైనిక లాంఛనాలతో ఖననం చేశారు. ఆవిడ పునాది వేసిన భాషలో రాసిన ప్రోగ్రాములు ఇవాళ్టికీ బ్యాంకుల్లో నడుస్తూనే ఉన్నాయి.