500 గజాల గీత గీసిన ఇంజినీర్.. ఎం16 సృష్టికర్త యూజీన్ స్టోనర్ కథ ఇదీ!

300 మీటర్లలోపు ఆ తూటాకు తిరుగులేదు. అదే 500 మీటర్లు దాటిందంటే మాత్రం గాలి ఎటు తోస్తే అటే. లక్షలాది మంది సైనికులు భుజాన మోసిన 5.56 ఎంఎం తూటా సంగతి ఇది. ఆ తూటాను, దాన్ని పేల్చే ఏఆర్-15 రైఫిల్‌ను ప్రపంచానికి ఇచ్చిన ఇంజినీర్ పేరు యూజీన్ స్టోనర్. ఆయన 1997లోనే కన్నుమూశారు. కానీ ఆ చిన్న తూటా ఎంత దూరం పనికొస్తుందన్న గొడవ ఇప్పటికీ సైన్యాల్లో నడుస్తూనే ఉంది. ఇంతకీ ఎవరీ స్టోనర్? ఆ తూటాకు హద్దు ఎక్కడ పడింది?

డిగ్రీ లేదు.. చేతిలో పనుంది

స్టోనర్ 1922 నవంబర్ 22న అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, గోస్పోర్ట్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తర్వాత కుటుంబం కాలిఫోర్నియాకు వెళ్లింది. హైస్కూల్ అయ్యాక ఇంజినీరింగ్ కాలేజీ మెట్లు ఎక్కలేదు. నేరుగా వేగా విమానాల కంపెనీలో చేరి, విమానాలకు ఆయుధాలు బిగించే పని నేర్చుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో మెరైన్ దళంలో చేరి అక్కడా ఆయుధాల విభాగంలోనే పనిచేశారు. యుద్ధం ముగిశాక విమాన పరికరాలు తయారుచేసే ఓ కంపెనీ మెషిన్ షాపులో కుదిరి, అక్కడే డిజైన్ ఇంజినీర్ అయ్యారు.

1954లో ఆర్మాలైట్ అనే చిన్న కంపెనీలో చీఫ్ ఇంజినీర్‌గా చేరారు. విమానాల్లో వాడే అల్యూమినియాన్ని, ప్లాస్టిక్‌ను తుపాకీలోకి తెచ్చారు. కర్ర, ఉక్కుతో బరువెక్కిన రైఫిళ్ల కాలంలో అది పెద్ద తెగింపే. అలా వచ్చిందే ఏఆర్-10. అయితే అది పేల్చేది పెద్ద తూటా, 7.62 ఎంఎం. అమెరికా సైన్యం మాత్రం దాన్ని పక్కనపెట్టి ఎం14ను ఎంచుకుంది.

ఆ 500 గజాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

కథ మలుపు తిరిగింది ఇక్కడే. పదాతి దళం కాల్పుల్లో ఎక్కువ భాగం 300 గజాల లోపే జరుగుతున్నాయని 1952లో అమెరికా సైన్యం కోసం చేసిన ఓ అధ్యయనం తేల్చింది. అలాంటప్పుడు సైనికుడికి అంత బరువైన తూటా ఎందుకన్న ప్రశ్న పుట్టింది.

1957లో జనరల్ విల్లార్డ్ వైమన్ చొరవతో కొత్త షరతులు తయారయ్యాయి. రైఫిల్ తేలిగ్గా ఉండాలి. తూటా సన్నగా ఉండాలి. కానీ 500 గజాల దూరంలో, అంటే సుమారు 457 మీటర్ల వద్ద, ఉక్కు హెల్మెట్‌ను చీల్చుకుని పోవాలి. అక్కడికి చేరేసరికి కూడా శబ్దవేగం కంటే వేగంగా ఉండాలి.

అప్పటికి దొరికే చిన్న తూటాలు ఆ దూరానికి చాల్లేదు. స్టోనర్, సియెర్రా బుల్లెట్ల కంపెనీకి చెందిన ఫ్రాంక్ స్నోతో కలిసి లెక్కలు వేశారు. చివరికి తేలింది ఇదీ.. బుల్లెట్ బరువు 55 గ్రెయిన్లు, అంటే మూడున్నర గ్రాములు. గొట్టం నుంచి బయటికొచ్చే వేగం సెకనుకు వెయ్యి మీటర్ల దాకా. అదే తర్వాత .223 రెమింగ్టన్‌గా, సైన్యంలో 5.56గా పేరు తెచ్చుకుంది. ఏఆర్-10ను ఈ తూటాకు తగ్గట్టు కుదించే పనిని జిమ్ సలివన్, బాబ్ ఫ్రీమాంట్ చేశారు. అలా ఏఆర్-15 పుట్టింది.

లాభమేంటి? నష్టమేంటి?

లాభం బరువులో. ఒక్క 7.62 తూటా బరువుకు రెండు 5.56 తూటాలు తూగుతాయి. అంటే అదే మోతకు రెట్టింపు తూటాలు. పైగా భుజం మీద తన్ను తక్కువ, గురి తొందరగా కుదురుతుంది.

నష్టం దూరంలో. తేలికైన బుల్లెట్‌కు మొదట్లో ఎంత దూకుడున్నా, గాలి దాన్ని తొందరగా అణిచేస్తుంది. 500 గజాలు చేరేసరికి బయల్దేరినప్పటి వేగంలో సగం కూడా మిగలదు. శక్తి అయితే నాలుగో వంతుకు పడిపోతుంది. గంటకు 16 కిలోమీటర్ల గాలి పక్క నుంచి వీస్తే, ఆ దూరంలో బుల్లెట్ ముప్పావు మీటరు దాకా పక్కకు జరుగుతుంది. అంటే గుండెకు గురిపెడితే మనిషికే తగలకపోవచ్చు. ఇంకా ముందుకెళ్లి వేగం శబ్దవేగం దగ్గరికి దిగితే బుల్లెట్ నిలకడ కూడా తప్పొచ్చు.

ఇది డిజైన్‌లో పొరపాటు కాదు. అడిగిందే 500 గజాలు, ఇచ్చిందీ 500 గజాలే.

వియత్నాంలో చేదు అనుభవం

1959లో ఆర్మాలైట్ ఈ రైఫిల్ హక్కుల్ని కోల్ట్ కంపెనీకి అమ్మేసింది. తర్వాత స్టోనర్ కూడా అక్కడికే సలహాదారుగా వెళ్లారు. ఎం16 పేరుతో ఆ రైఫిల్ వియత్నాం అడవుల్లోకి దిగింది. దగ్గరి దూరపు పోరు కాబట్టి తూటాకు తగిన చోటే అది.

కానీ సైన్యం లోపలి తుపాకీ మందును మార్చేసింది. ఆ సంగతి స్టోనర్ దాకా వచ్చేసరికే నిర్ణయం అయిపోయింది. ఆయన ఆ మార్పును సమర్థించలేదు. కొత్త మందుతో రైఫిల్ మరీ వేగంగా పేలింది, మసి పేరుకుంది. తూటా కూర్చునే గదికి క్రోమ్ పూత లేదు. శుభ్రం చేసుకునే సామాను కూడా చాలామందికి అందలేదు. ఫలితంగా కాల్పుల మధ్యలోనే రైఫిళ్లు మొరాయించాయి. ఇరుక్కుపోయిన తుపాకీ పక్కనే ప్రాణాలు వదిలిన కుర్రాళ్లున్నారు. 1967లో అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం దీనిపై విచారణ జరిపింది. స్టోనర్ కూడా దాని ముందు హాజరయ్యారు. లోపాలు బయటపడ్డాక క్రోమ్ పూత, శుభ్రం చేసే కిట్లు వచ్చాయి. సైన్యం తీరును ఉపసంఘం గట్టిగా తప్పుపట్టింది.

మళ్లీ పెద్ద తూటా వైపు

1980లో నాటో దేశాలు 5.56నే ప్రామాణికంగా తీసుకున్నాయి. బుల్లెట్ బరువు 62 గ్రెయిన్లకు పెంచి దూరాన్ని కాస్త సాగదీశాయి. మరి స్టోనర్ ఏం చేశారు? 1990లో ఫ్లోరిడాలోని నైట్స్ ఆర్మమెంట్ కంపెనీలో చేరి, దూరపు గురి కోసం కొత్త రైఫిల్ చేశారు. దాని పేరు ఎస్ఆర్-25. పదికి పదిహేను కలిపితే వచ్చే పాతికే అది. అంటే ఏఆర్-10, ఏఆర్-15 కలయిక. అది పేల్చేది మాత్రం 7.62 తూటా! చిన్న తూటాకు పేరు తెచ్చిన మనిషే, దూరం కావాల్సి వచ్చేసరికి పెద్ద తూటాను ఎంచుకున్నారు.

అదే ఏడాది అమెరికాలో ఏకే-47 సృష్టికర్త మిఖాయిల్ కలాష్నికోవ్‌ను కూడా కలిశారు. వియత్నాంలో ఎదురెదురుగా పేలిన రెండు రైఫిళ్ల సృష్టికర్తలు స్నేహంగా మాట్లాడుకున్నారు. 1997 ఏప్రిల్ 24న ఫ్లోరిడాలో క్యాన్సర్‌తో స్టోనర్ కన్నుమూశారు. వర్జీనియాలోని క్వాంటికో జాతీయ శ్మశానంలో ఆయన సమాధి ఉంది.

ఆయన తర్వాత కూడా..

అఫ్గానిస్థాన్ కొండల్లో ఆ 500 గజాల గీత మళ్లీ గుర్తొచ్చింది. అక్కడ కాల్పుల్లో సగానికి పైగా 300 మీటర్లు దాటిన దూరంలోనే జరిగాయని 2009లో ఓ అమెరికన్ మేజర్ రాసిన అధ్యయనం చెప్పింది. దానికి తోడు అప్పటికి సైనికుల చేతిలో ఉన్నది పొట్టి గొట్టం ఎం4. గొట్టం తగ్గితే వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే దూరమూ తగ్గుతుంది. 2022లో అమెరికా సైన్యం 6.8 ఎంఎం తూటా రైఫిల్‌ను ఎంచుకుంది.

మన దేశమూ ఇదే దారిలో నడిచింది. 5.56 ఇన్సాస్ రైఫిళ్లతో ఏళ్ల తరబడి సరిహద్దులు కాసిన భారత సైన్యం కోసం, 2019లో 72,400 సిగ్ 716 రైఫిళ్లకు ఒప్పందం కుదిరింది. అవి పేల్చేది 7.62 తూటా.

అలాగని 5.56 పని అయిపోలేదు. ఊళ్లలో, ఇళ్ల మధ్య, అడవుల్లో దాని తేలికతనం ఇప్పటికీ ప్రాణాలు కాపాడుతోంది. స్టోనర్ గీసిన గీత లోపల అది గొప్ప తూటా. గీత దాటి వాడమన్నప్పుడే సైనికుడి ప్రాణం మీదకొచ్చింది.